బంతిపూల దండలో బ్యాడ్జి

మా కంపెనీలో తలుపు పక్కన గోడకు ఒక చెక్క పలక ఉంటుంది. దానికి పన్నెండు మేకులు. సాయంత్రం ఇంటికి పోయేముందు ప్రతి మనిషీ చొక్కా జేబుకున్న బ్యాడ్జి తీసి తన మేకుకు తగిలించాలి. పొద్దున వచ్చి తీసి పెట్టుకోవాలి. ఇంటికి తీసుకుపోకూడదు. ఒకరిది ఒకరు పెట్టుకోకూడదు. చొక్కాతోపాటు ఉతకడానికి వేయకూడదు. ఆ పలకకు కాపలా నేనే.

కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. నాచారం పారిశ్రామిక వాడలో, మందుల ఫ్యాక్టరీల వెనక సందులో ఒక షెడ్డు, రెండు గదులు, ఒక మందపాటి గోడల గది. బాయిలర్లు, ఇనుప గొట్టాలు అతికిన చోట లోపల పగులుగానీ బుడగగానీ ఉందేమో ఫోటో తీసి చెప్పడం మా వాళ్ల పని. మనిషికి ఎముక విరిగితే ఎక్స్‌రే తీస్తారు కదా, ఇనుముకు తీసేదీ అలాంటిదే. ఫోటో తీసే పెట్టెను అందరూ కెమెరా అంటారు. చూడటానికి మూత పెట్టిన పెద్ద టిఫిన్ క్యారియర్‌లాగా ఉంటుంది గానీ, లేపాలంటే నడుం పట్టేస్తుంది. లోపల రేడియేషన్ ఇచ్చే గింజంత వస్తువు ఉంటుంది. అది ఎవరి ఒంటికి ఎంత తగిలిందో లెక్క పట్టేదే ఆ బ్యాడ్జి. పని లేనప్పుడు కెమెరాను గచ్చులో తవ్విన గుంటలో దించి, సీసం మూత వేసి, రెండు తాళాలు వేస్తారు.

నేను అక్కడ ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టే మనిషిని. ఉప్పల్‌లో ఉంటాను. రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాల కింద నిలబడి షేర్ ఆటో పట్టుకుంటే పావుగంటలో నాచారంలో దిగుతాను. జనగామ పక్క నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. యాభై రెండేళ్ల వయసు దాకా నాకు ఒక్క అక్షరం రాదు. వచ్చింది ఆ మేకుల వల్లే.

మొదట్లో మేకుల మీద పేర్లు ఉండేవి కావు. ఒకసారి ఇద్దరు ఒకరి బ్యాడ్జి ఒకరు పెట్టుకుని వారం రోజులు తిరిగారు. మా సేఫ్టీ మేడమ్‌కు అప్పుడు వచ్చిన కోపం చూడాలి. ఆమెది కాకినాడ వైపు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గేటు దాకా వినపడుతుంది. ఒక్కో మేకు కింద ఒక్కో పేరు తెలుగులో రాసి అంటించింది. నన్ను పిలిచి, "సాయంత్రం అందరూ వెళ్లాక ఏ బ్యాడ్జి దాని మేకుకు ఉందో లేదో మీరు చూడాలి పెద్దమ్మా" అంది. చదువు రాదని చెప్పడానికి సిగ్గేసి, సరే మేడమ్ అన్నాను.

గుర్తులతో నెట్టుకొచ్చాను. ఒకదాని క్లిప్పు విరిగి ఎర్రదారం కట్టి ఉండేది. ఒకదానికి హనుమంతుడి స్టిక్కర్. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంటే జర్దా వాసన. అలా పన్నెండూ నాకు మనుషుల్లాగే తెలుసు. ఒకరోజు మేడమ్ బ్యాడ్జీల పాత డబ్బీలన్నీ పారేసి కొత్త డబ్బీలు తెప్పించింది. దారం లేదు, హనుమంతుడు లేడు, వాసన లేదు. ఆ సాయంత్రం ఏది చేతికి వస్తే అది తగిలించి, దండం పెట్టుకుని ఇంటికి పోయాను.

మరుసటి రోజు మేడమ్‌కు సంగతి అర్థమైంది. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవకాయ సగం నా అన్నంలో వేసి, "మొదటి మేకు కింద ఉన్నది 'ర'. చూడండి, తలకట్టు ఎలా ఉందో" అంది. అందరూ 'అ'తో మొదలుపెడతారు, నేను 'ర'తో మొదలుపెట్టాను. పన్నెండు పేర్లు అయ్యేసరికి తెలుగులో చాలా అక్షరాలు అయిపోయాయి. మిగతావి షాపుల బోర్డుల మీద, పాలపాకెట్ల మీద ఏరుకున్నాను.

ఆ రోజుల్లోనే ఇంకో విషయం తెలిసింది. ప్రతి మూడు నెలలకు డబ్బీలలో పెట్టే కొత్త కార్డులు వస్తాయి, పాతవి ల్యాబుకు పోతాయి. మా వాళ్లు పన్నెండు మంది, కార్డులు మాత్రం పదమూడు వస్తాయి. ఆ పదమూడోదాన్ని మేడమ్ ఆఫీసు అల్మారాలో పెట్టి తాళం వేసేది. ఎవరో మనిషి ఉన్నాడు, పనికి రాకుండానే పేరు నడిపిస్తున్నాడు అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను. "ఆ అల్మారాల సారు ఎన్నడొస్తడు మేడమ్?"

ఆమె నవ్వి నవ్వి నీళ్లు తాగింది. అది ఎవరిదీ కాదట. రేడియేషన్ తగలని చోట ఉత్తగా ఉంటుందట. మిగతావాటిని దానితో పోల్చి చూస్తారట. అప్పటి నుంచి మా వాళ్లు దానికి 'అల్మారా సారు' అని పేరు పెట్టారు. పని ఎక్కువైన రోజు ఎవరో ఒకరు అనేవారు: "వచ్చే జన్మల అల్మారా సారు లెక్క పుట్టాలె."

నాకు బ్యాడ్జి లేదు. లోపల ఫోటో తీస్తున్నారని ఎర్రబల్బు వెలిగినప్పుడు నేను ఆ మందపాటి గోడల గది దరిదాపుల్లో ఉండను కాబట్టి అక్కర్లేదు. అయినా ఒకటి పెట్టుకోవాలని ఉండేది. అందరి గుండె మీద ఉంటుంది, నా కొంగు మీద ఎందుకు ఉండకూడదు అనిపించేది. ఆ మాట మా పన్నెండు మందిలో ఒకడైన సూర్యాపేట బిడ్డతో అంటే, "నువ్వే మాకు బ్యాడ్జివి పెద్దమ్మా" అనేవాడు.

అతని గురించే చెప్పాలి. ముప్పై ఏళ్లు ఉంటాయి, కెమెరా నడిపేవాళ్లలో అందరికంటే నెమ్మదైనవాడు. పొద్దున వస్తూనే బ్యాడ్జి పెట్టుకుంటాడు, ఆ తర్వాతే చాయ్. పెళ్లయిన నాలుగేళ్లకు భార్య నీళ్లోసుకుంది. ఆ సంగతి నాకు చెప్పడానికి ఒక రోజంతా నా చుట్టూ తిరిగాడు. చివరికి నేనే అడిగాను. "ఏందిరా, చాయ్ కప్పు పట్టుకొని నవ్వుతనే ఉన్నవ్?"

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ ఎప్పటిలాగే చేశాం. నాచారంలో ఆ రోజు చూడాలి, లేత్ మిషన్ల నుంచి ఆటోల దాకా అన్నిటికీ బొట్లే, దండలే. మా కెమెరాకు అలంకారం నా పని. బతుకమ్మకని ఉప్పల్ మార్కెట్లో తెచ్చిన బంతిపూలలో మిగిలినవి దండ కట్టి తెచ్చాను. గుంటలోంచి కెమెరాను బయటికి తీశారు. దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దని మేడమ్ అరుస్తుంటే, చేయి చాచి గబగబా పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ చుట్టాను. గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టే వంతు సూర్యాపేట బిడ్డది. కొత్త చొక్కా వేసుకొచ్చాడు. గుమ్మడికాయ రసం పడుతుందని బ్యాడ్జి తీసి నా చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మా, జర పట్టు. కొట్టొస్త."

పట్టుకున్నాను. పళ్లెంలో పసుపు కుంకుమ ఇంకా మిగిలి ఉన్నాయి. అన్నిటికీ బొట్టు పెట్టాం, ఇతని ప్రాణాన్ని కనిపెట్టుకుని ఉండేది ఈ డబ్బీయే కదా, దీనికి పెట్టకపోతే ఎలా అనిపించింది. చిన్న బొట్టు పెట్టాను. దేవుడి ముందు ఉన్నట్టు ఉంటుందని కెమెరా మీది దండలో, పూల మధ్యన దోపాను. అంతలో గేటు దగ్గర గుమ్మడికాయ పగిలింది. అందరూ అరిచారు, ఎవరో కొబ్బరిముక్కలు పంచమన్నారు. నేను అటు పోయాను. ఇద్దరు వచ్చి కెమెరాను దండతోనే గుంటలో దించి, మూత వేసి, తాళాలు వేశారు. కంపెనీకి నాలుగు రోజులు సెలవు. అతను చేతులు కడుక్కుని, ఊరికి పోయే బస్సు తప్పిపోతుందని ఉరికాడు. బ్యాడ్జి నేను మేకుకు తగిలించానని అతను అనుకున్నాడు. నేనేమో, పలక చూడటం ఆ ఒక్కరోజు మరిచిపోయాను.

సెలవులయ్యాక గుంట తెరిచారు. వాడిపోయిన దండ తీసి పారేస్తుంటే డబ్బీ చేతికి తగిలింది. అయ్యో అనుకుని, కొంగుతో పసుపు తుడిచి, అతను రాకముందే మేకుకు తగిలించాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయం అని తోచనే లేదు. దేవుడి దగ్గర నాలుగు రోజులు ఉన్న వస్తువు, మంచే జరుగుతుంది అనుకున్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ల్యాబు నుంచి కాగితం వచ్చింది. పదకొండు మందికి ఎప్పటిలాగే ఉంది. సూర్యాపేట బిడ్డ పేరు దగ్గర రేడియేషన్ లెక్క ఉండకూడనంత ఎక్కువ ఉంది.

ఆ రోజు నుంచి అతన్ని కెమెరా ముట్టుకోనివ్వలేదు. విచారణ తేలేదాకా అంతేనని రూలు. రక్తం పరీక్షకు ఇచ్చి వచ్చాడు. ఆ లెక్క మనిషి పేరున జీవితాంతం ఉంటుందట, ఏ కంపెనీకి పోయినా వెంట వస్తుందట. అది నిజంగా ఒంటికి తగిలిందా, బ్యాడ్జికి మాత్రమే తగిలిందా అన్నది తేల్చాలి. మేడమ్ అతన్ని కూర్చోబెట్టి మూడు నెలల పని ఒక్కో రోజూ అడిగింది. అతను ఒక్కటే మాట.

"నేనేం తప్పు జెయ్యలే మేడమ్. బ్యాడ్జి లేకుండ లోపలికి పోలే. మీటరు సూడకుండ దగ్గరికి పోలే."

"నాకు తెలుసయ్యా. నువ్వు అబద్ధం చెప్పవు. మరి ఇది ఎక్కడి నుంచి వచ్చింది?"

"నాకేమన్న అయితదా?"

"పరీక్ష రానీ. కంగారు పడకు."

పడకు అంటే పడకుండా ఉంటాడా! ఫిల్ములు సర్దే పని ఇచ్చారు. చాయ్ ఇస్తే చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడు. నేను ఊరుకోలేక అడిగాను.

"ఏందిరా బిడ్డా, ఇంట్ల మంచిగనే ఉన్నరా?"

"ఉన్నరు పెద్దమ్మా. నేనే బయట వసారల పంటున్న."

"ఎందుకురా, ఈ చలిల?"

"కడుపుతోని ఉన్నది గద. నా ఒంట్లకెళ్లి ఏమన్న పోతదేమోనని."

మేడమ్ పక్క గదిలోంచే అరిచింది. "ఒరేయ్, అది జలుబు కాదు అంటుకోడానికి! ఇవాళ లోపల పడుకో!" అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ, చలికి గొంతు బొంగురుపోయి ఉంది.

ఆ వారమే మేడమ్ అందరినీ నిలబెట్టి మళ్లీ పాఠం చెప్పింది. నేను వెనక తడిబట్ట వేస్తున్నాను. "కెమెరా తాళం వేసి ఉన్నా దాని ఒంటి మీద కొంచెం రేడియేషన్ ఉంటుంది. క్షణం ముట్టుకుంటే ఏమీ కాదు. కానీ ఏ వస్తువైనా దానికి ఆనించి రోజుల తరబడి వదిలేస్తే, చుక్క చుక్కగా బిందె నిండినట్టు నిండిపోతుంది."

నా చేతిలో బట్ట ఆగిపోయింది. బంతిపూలు గుర్తొచ్చాయి.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని కాదు, అది పోతే ఇంకో చోట ఊడుస్తాను. ఇన్ని నెలలు నా చేతి చాయ్ తాగిన బిడ్డ నా వల్ల వసారాలో పడుకున్నాడని తెలిస్తే నా మొహం ఎలా చూస్తాడు అని. ఇంటికి పోయి అన్నం వండుకుని తినలేక కోడలికి చెప్పాను. ఆమె గిన్నెలు తోముతూ వెనక్కి కూడా చూడలేదు. "చెప్పు అత్తమ్మా. గా పిల్ల కడుపుతోని ఉండి మొగన్ని బయట పండవెట్టుకుంటదా? తెల్లారంగనే చెప్పు."

తెల్లారగానే పోయి చెప్పాను. మేడమ్ టిఫిన్ డబ్బా కూడా దించలేదు, చేతిలో పట్టుకునే విన్నది. కోపగించుకుంటుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె కుర్చీలో కూలబడి, "దండలోనా? నాలుగు రోజులా?" అంది. మళ్లీ, "బొట్టు కూడా పెట్టారా?" అంది. ఆ డబ్బీ తెప్పించి క్లిప్పు సందులో గుండుసూదితో గీకింది. సూది మొనకు పసుపు వచ్చింది. ఆ పసుపు చూసి మా మేడమ్ మొహం వెలిగిపోయింది.

సూర్యాపేట బిడ్డను పిలిపించింది. నేను అతని వైపు చూడకుండానే చెప్పాను. చెప్పి, "తిట్టు బిడ్డా" అన్నాను.

అతను మేడమ్‌ను అడిగాడు. "అంటే, నా ఒంట్లకు రాలేదా?"

"రాలేదనే అనుకుంటున్నాను. కానీ రుజువు కావాలి" అంది మేడమ్.

అతను నా వైపు తిరిగాడు. "నా బ్యాడ్జికి పూజ జేసినవా పెద్దమ్మా! మా ఆవిడ కూడ నాకు బొట్టు వెట్టదు."

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దండ ఎలా చుట్టానో, డబ్బీ ఎక్కడ దోపానో చూపించాలన్నారు. ఆ రోజుల్లో బంతిపూలు దొరకలేదు, తాడు చుట్టారు. దగ్గరికి రావద్దని గీత గీసి నన్ను దాని ఇవతల నిలబెట్టారు. నేను చీపురు కట్ట చాచి, "గీడ కాదు, జర పైకి, పిడి పక్కకు" అని చూపిస్తుంటే, మేడమ్ పొడుగు కర్రకు రేడియేషన్ కొలిచే మీటరు కట్టి అక్కడ పెట్టి అంకె రాసుకుంది. మా ఓనర్ సార్ తలుపు దగ్గర నిలబడి, "విచారణనా, బతుకమ్మ ఆటనా?" అన్నాడు. ఆ అంకెను సెలవుల గంటలతో గుణించి చూస్తే, ల్యాబు కాగితంలో ఉన్నదానికి దగ్గరగా వచ్చింది.

ఇక, రేడియేషన్ లెక్కలు చూసే ప్రభుత్వ ఆఫీసుకు పంపాల్సిన కాగితాలు. అందరూ రాసివ్వాలి. నా వంతు వచ్చినప్పుడు మేడమ్, "మీరు చెప్పండి, నేను రాస్తాను. కింద సంతకం చేస్తే చాలు" అంది. నేనే రాస్తానన్నాను. అప్పటిదాకా నేను రాసింది నా పేరూ, సామాన్ల చీటీలూ. తప్పు నాది, మాట నాది, రాత మాత్రం వేరేవాళ్లది ఎందుకు? మధ్యాహ్నం కూర్చుంటే నాలుగున్నర అయింది. మూడు కాగితాలు పాడుచేశాను. ఆ రోజు ఎవరి చాయ్ వాళ్లే పెట్టుకున్నారు.

ఇలా రాశాను: "దసరా పూజ నాడు ఆ అబ్బాయి బ్యాడ్జి నా చేతికి ఇచ్చాడు. నేను బొట్టు పెట్టి కెమెరా మీద దండలో పెట్టాను. అది దండతో గుంటలోకి పోయింది. నాలుగు రోజులు అక్కడ ఉంది. ఆ నాలుగు రోజులు ఆ అబ్బాయి ఊర్లో ఉన్నాడు. నేను తీసి మేకుకు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది. ఆ అబ్బాయిది కాదు."

మేడమ్ చదివి, ఒక్క దిద్దుబాటు కూడా చేయకుండా కవరులో పెట్టింది. తాను కూడా ఒక కాగితం రాసింది. పూజ రోజు కెమెరాను దండతో గుంటలో దించనివ్వడం, తాళాలు వేసేముందు పలక చూసుకోకపోవడం తన తప్పని. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

జవాబుకు చాలా వారాలు పట్టింది. రక్తపరీక్ష ముందు వచ్చింది, ఏమీ లేదని. అతను ఆ రాత్రి ఇంట్లోపల పడుకున్నాడు. మరుసటి రోజు అతని మొహం చూసి మేమే పోల్చుకున్నాం. ఎండలు ముదిరాక పెద్ద కాగితం వచ్చింది. ఆ లెక్క బ్యాడ్జికి వచ్చిందే గానీ మనిషికి కాదనీ, అతని పేరు మీద నుంచి తీసేస్తున్నామనీ. ఆ వాక్యం మేడమ్ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. అతను పలక దగ్గరికి పోయి, బ్యాడ్జి తీసి జేబుకు పెట్టుకుని, నా ముందుకు వచ్చి ఛాతీ చూపించాడు. "పెద్దమ్మా, ఉన్నది సూడు." గదిలోకి పోయాడు. ఎర్రబల్బు వెలిగింది. నేను చాయ్ పెట్టడానికి పోయాను.

ఇప్పటికీ రోజూ పొద్దున నా ముందు ఛాతీ చూపించి గానీ లోపలికి పోడు. మిగతావాళ్లకూ అదే అలవాటైంది. పన్నెండు మంది వరసగా వచ్చి చొక్కా చూపించి పోతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు నన్ను పెద్ద ఆఫీసర్ అనుకుంటారు.

తర్వాత వచ్చిన దసరాకు మేడమ్ ఒక పుస్తకం పెట్టింది. పూజ రోజు బ్యాడ్జి తీసేవాళ్లు తమ చేత్తో మేకుకు తగిలించి, పుస్తకంలో రాయాలి. పక్కన నేను చూశానని సంతకం చేయాలి. కెమెరాను బయటికి తీయలేదు. గుంట మూతకే చేయి చాచి బొట్టు పెట్టాం, దండ తలుపుకు కట్టాం. సూర్యాపేట బిడ్డ భార్య ఐదు నెలల పాపను ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది. పాపకు నా బొట్టు పళ్లెం మీదే కన్ను. గుమ్మడికాయ ఈసారి ఎవరు కొడతారని అడిగితే అందరూ అతన్నే చూశారు.

అతను బ్యాడ్జి మేకుకు తగిలించి, పుస్తకంలో రాసి, పెన్ను నాకు ఇచ్చాడు. "సంతకం వెట్టు పెద్దమ్మా. దండల పెట్టకు."

"పో పోయి కొట్టు, చొక్కా ఖరాబైతే నన్ననకు" అన్నాను.

సంతకం పెట్టాను. పళ్లెంలో ఇంకా కొంచెం కుంకుమ మిగిలింది. మేడమ్ వైపు చూశాను. ఆమె వేలితో ఆఫీసు అల్మారా చూపించింది. తలుపు తెరవకుండా, పైనుంచే పిడికి ఒక బొట్టు పెట్టి వచ్చాను. అల్మారా సారు ఏ పనీ చేయడు నిజమే, కానీ పండగ పూట ఆయన్ను ఎలా వదిలేస్తాం!